హ్యాగిస్ వస్తోంది, లేచి నిలబడండి

సంక్రాంతి వెళ్లిపోయింది. అరిసెల డబ్బాలో అడుగున నాలుగు ముక్కలు మిగిలి ఉంటాయి. వాకిట్లో రథం ముగ్గు ఇంకా పూర్తిగా చెరిగి ఉండదు. సరిగ్గా ఈ రోజుల్లోనే, జనవరి 25 రాత్రి, స్కాట్లండ్‌లో ఊరూరా ఒక విందు జరుగుతుంది. దేవుడి పండగ కాదు. రాజుగారి పట్టాభిషేకం కాదు. ఒక కవి పుట్టినరోజు. ఆ కవి పేరు రాబర్ట్ బర్న్స్. ఆ విందు పేరు బర్న్స్ సప్పర్. సప్పర్ అంటే రాత్రి భోజనం, అంతే.

ఆ భోజనాన్ని ఇంట్లో ఎలా వండుకుంటారో ఈ పూట మీకు చెబుతాను. నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. కొన్నేళ్లు గ్లాస్గో నగరంలో ఉన్నాం. మా మెట్ల మీదే, ఎదురు వాటాలో, ఒక పెద్దావిడ ఉండేది. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ నన్ను 'హెన్' అని పిలిచేది. హెన్ అంటే కోడిపెట్ట! మొదట్లో కొంచెం నొచ్చుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, ఆ ఊళ్లో ఆడపిల్లలను ముద్దుగా అలాగే అంటారట. మనం 'అమ్మడూ' అన్నట్టు. ఆ కోడిపెట్టకు ఆవిడ నేర్పిన వంట ఇది.

రేడియోలో చెబుతున్నాను కదా, మీరు కాగితం కలం వెతుక్కోనక్కర్లేదు. మూడు పేర్లు గుర్తుంచుకోండి చాలు. హ్యాగిస్. నీప్స్. టాటీస్. మళ్లీ చెబుతున్నాను. హ్యాగిస్, నీప్స్, టాటీస్. టాటీస్ అంటే బంగాళాదుంపలు. నీప్స్ అంటే లోపల పసుపురంగులో ఉండే ఒక పెద్ద దుంప. హ్యాగిస్ అంటే... అక్కడే ఉంది కథంతా.

గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు. ఈ మూడూ ఉడకబెట్టి సన్నగా కొడతారు. అందులో ఉల్లిపాయ, కొవ్వు, దోరగా వేయించిన ఓట్స్ నూక, ఉప్పు, దండిగా మిరియాల పొడి కలుపుతారు. అదంతా గొర్రె పొట్ట సంచిలోనే కూరి, మూతి కుట్టేసి, నీళ్లలో ఉడికిస్తారు. అదీ హ్యాగిస్.

మొహం చిట్లించకండి. బోటి కూర కోసం ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు ముందు సంచి పట్టుకుని నిలబడేవాళ్లు మనలో ఎంతమంది లేరు! తలకాయ కూర వండిన ఇంటికి పిలవకుండానే చుట్టాలు రావడం లేదూ! అక్కడా అదే లెక్క. గొర్రెను కోసిన రోజు మంచి కండంతా అమ్మకానికి పోతుంది. లేదా పెద్దింటికి పోతుంది. లోపలి భాగాలు నిలవ ఉండవు. ఆ పూటే వండాలి. ఉన్న కాస్తా ఇంటిల్లిపాదికీ రావాలంటే నూక కలపాలి. వండడానికి వేరే గిన్నె ఎందుకు, పొట్ట సంచే గిన్నె. పేదింటి ఇల్లాలి తెలివి అది.

ఇక ఈ కవికీ, ఆ పొట్లానికీ సంబంధం ఏమిటంటారా?

బర్న్స్ రైతుబిడ్డ. 1759లో, ఎయిర్ అనే పట్టణం దగ్గర అలోవే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి తన చేతులతో కట్టుకున్న మట్టిగోడల ఇల్లు, పైన గడ్డికప్పు. పిల్లాడు పుట్టిన కొద్దిరోజులకే ఈదురుగాలికి ఆ గోడ కొంత కూలిపోయింది. అలాంటి ఇంట్లో ఓట్స్ జావ తాగి పెరిగినవాడు, 1786లో ఎడిన్‌బరా వెళ్లాడు. కవితలు అచ్చయ్యాయి, పేరొచ్చింది, పెద్దవాళ్లు విందులకు పిలుస్తున్నారు. పెద్దవాళ్ల బల్లల మీద ఫ్రెంచి వంటకాలు మెరుస్తున్న కాలం. ఈయన ఏం చేశాడంటే, హ్యాగిస్‌ను ఎదురుగా కూచోబెట్టి, దాన్నే సంబోధిస్తూ ఒక పెద్ద పద్యం రాశాడు. ఎనిమిది చరణాలు. హ్యాగిస్‌కు కిరీటం పెట్టాడు. ఫ్రెంచి వంటలు తినేవాళ్లను చీపురుపుల్లల్లా ఉంటారని ఎగతాళి చేశాడు.

నాకు ఇక్కడ మన శ్రీనాథుడు గుర్తొస్తాడు. పల్నాడు వెళ్లినప్పుడు జొన్నకూడు తినలేక ఆయన ఎంత విసుక్కున్నాడో, ఆయన పేరు మీద చెప్పుకునే చాటువుల్లో విన్నాం కదా. సన్నబియ్యం దొరకలేదని గోల. చివరికి కృష్ణుణ్ణే సవాలు చేశాడు, దమ్ముంటే ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని. మహాకవే, కానీ నాలుక రాజుల బంతిలో రుచి మరిగినది. బర్న్స్ సరిగ్గా ఎదురు దారిలో వెళ్లాడు. రాజుల బంతిలో కూచుని జొన్నకూడును పొగిడినవాడు ఈయన. వాళ్ల జొన్న ఓట్స్, అంతే తేడా. ఆ రోజుల్లో ఇంగ్లండు పెద్దమనుషులు ఓట్స్‌ను గుర్రాల దాణా అనేవారు. జాన్సన్ అనే పండితుడైతే 1755లో తన నిఘంటువులోనే ఆ వెటకారం ఎక్కించాడు. ఆ దాణా తిన్న పిల్లాడి పుట్టినరోజే ఇప్పుడు పండగ.

బర్న్స్ ముప్పై ఏడేళ్లకే పోయాడు, 1796లో. అయిదేళ్ల తర్వాత, 1801 జూలైలో, స్నేహితులు తొమ్మిదిమంది అలోవేలో ఆ మట్టిగోడల ఇంట్లోనే కూచుని ఆయన్ను తలుచుకుంటూ భోంచేశారు. ఆ రోజు బల్ల మీద ఏముందో తెలుసా? హ్యాగిస్, గొర్రె తలకాయ. చెప్పానా, మనకు కొత్తేం కాదని! ఆ తర్వాత గ్రీనక్ అనే ఊళ్లోవాళ్లు పుట్టినరోజు నాడు విందు పెట్టారు. పాపం, తేదీ తప్పు. జనవరి 29 అనుకున్నారు. మరుసటి ఏడు చర్చి రిజిస్టరు తిరగేస్తే 25 అని తేలింది. అప్పట్నుంచీ 25 ఖాయం.

సరే, వంటింట్లోకి వెళదాం.

పాతకాలంలో హ్యాగిస్ వండే పద్ధతి మా ఎదురింటావిడ చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దగ్గర చూసిందట. గుండె, కార్జం, ఊపిరితిత్తులు విడదీయకుండా ఒకే గుత్తిగా పెద్ద కుండలో వేసేది. ఊపిరితిత్తులకు గొట్టం ఉంటుంది కదా, ఆ గొట్టాన్ని మాత్రం కుండ అంచు మీంచి బయటికి వేలాడదీసేది. కింద ఒక గిన్నె పెట్టేది. ఉడుకుతున్నకొద్దీ లోపలి మలినమంతా నురగగా ఆ గొట్టంలోంచి బొట్టు బొట్టుగా గిన్నెలో పడేది. 'మేం పిల్లలం దాని ముందు కూచుని బొట్లు లెక్కపెట్టేవాళ్లం' అనేది ఆవిడ. చలిరాత్రి పొయ్యి దగ్గర వాళ్లకదే సినిమా.

ఇప్పుడు అక్కడ ఎవరూ ఇంత చాకిరీ చేయడం లేదు. మాంసం కొట్టువాడు వండేసిన హ్యాగిస్ అమ్ముతాడు. చిన్న కొబ్బరికాయంత ఉంటుంది. గోధుమరంగు, నున్నగా, బిగుతుగా. మీరు తెచ్చుకుని వేడి చేయడమే. వేడి చేయడమే కదా అనుకున్నాను నేనూ.

మొదటి ఏడాది ఏం జరిగిందో చెబుతాను. మన చేతికి అలవాటు ఏమిటి? పెద్ద మంట, పైన మూత, నీళ్లు తెర్లుతుంటేనే వంట జరుగుతున్నట్టు. నేనూ అదే చేశాను. నీళ్లు పోసి, హ్యాగిస్ వేసి, మంట పెంచి, పిల్లాడి హోంవర్కు చూడ్డానికి వెళ్లాను. ఇరవై నిమిషాల తర్వాత 'టప్' అని ఒక శబ్దం. వెళ్లి చూస్తే సంచి చిట్లింది. లోపలిదంతా నీళ్లలో కలిసి, గిన్నె నిండా చిక్కటి బూడిదరంగు జావ. మావారు తొంగిచూసి, 'ఉప్మాలో నీళ్లు ఎక్కువయ్యాయా?' అని అడిగారు. ఆ రాత్రి పండగ భోజనం పెరుగన్నం, ఆవకాయ.

మర్నాడు ఎదురింటావిడ విని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అప్పుడు చెప్పిన మాటే ఈ ప్రసంగంలో అసలు మాట. నీళ్లు కుతకుతలాడకూడదు. మళ్లీ చెబుతున్నాను, నీళ్లు కుతకుతలాడకూడదు. అడుగు నుంచి ఒకటో రెండో బుడగలు బద్ధకంగా లేచి రావాలి. నీళ్ల పైభాగం కాస్త వణుకుతూ ఉండాలి. అంతే సెగ. హ్యాగిస్‌ను ముందు వెండికాగితంలో, అదే అల్యూమినియం ఫాయిల్‌లో, గట్టిగా చుట్టాలి. అరకిలోది అయితే ఆ సన్నని సెగ మీద గంటంబావు. గిన్నె వదిలి వెళ్లకూడదని కాదు. మంట పెంచి వెళ్లకూడదు.

ఇంతకీ లోపలి నూక ఎందుకు వేయించాలి, సంచిని నిండా ఎందుకు కూరకూడదు అని మీలో వంట తెలిసినవాళ్లకు అనుమానం రావాలి. ఇంట్లోనే మొదటినుంచీ చేసుకునేవాళ్లకు ఇది ముఖ్యం. నూక పొడి బాండీలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే ముద్దకట్టదు. గింజ గింజగా ఉంటుంది. మన ఉప్మారవ్వ వేయించడం లాగే. ఇక సంచి సగానికి కాస్త పైగా నింపితే చాలు. ఎందుకంటే నూక ఉడికి ఉబ్బుతుంది. నిండా కూరితే మళ్లీ 'టప్'. కుట్టేశాక సూదితో అక్కడక్కడా పొడవాలి, ఆవిరి పోవడానికి.

అందులో పడే మిరియాల గురించి ఒక్క మాట. బర్న్స్ పుట్టిన ఎయిర్‌షైర్ జిల్లాలోనే ఆయనకంటే కొద్దిగా ముందు పుట్టిన మరో మనిషి, విలియం రాక్స్‌బర్గ్. కంపెనీ డాక్టరుగా వచ్చి మన సామర్లకోటలో మొక్కల తోట పెంచాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేయించిన బొమ్మల పుస్తకాలు ఇవాళ్టికీ వృక్షశాస్త్రం వాళ్లకు ఆధారం. ఆ సామర్లకోట తోటలో ఆయన తలకెత్తుకున్న పనుల్లో ఒకటి మిరియాల సాగు. హ్యాగిస్‌లో మిరియం పంటికి తగిలినప్పుడల్లా నాకు సామర్లకోట స్టేషను గుర్తొస్తుంది. సంబంధం కొంచెం దూరపుదే, కానీ మనసు అలా వెళుతుంది.

ఇప్పుడు నీప్స్. ఈ దుంప పెద్ద తకరారు. ఇంగ్లండులో దీన్ని స్వీడ్ అంటారు. స్కాట్లండువాళ్లు టర్నిప్ అంటారు. ఇంగ్లండువాళ్ల టర్నిప్ ఇంకొకటి. మనం ఆ గొడవలోకి వెళ్లొద్దు. లోపల పసుపు, పైన ఊదారంగు, పిల్లాడి తలకాయంత ఉంటుంది. తరగడం కంద తరిగినంత పని. ముక్కలు ఉప్పునీళ్లలో మెత్తగా ఉడికించాలి. అక్కడ చాలామంది చేసే తప్పు, నీళ్లు వార్చగానే మెదిపేయడం. ఈ దుంప నిండా నీరే. పళ్లెంలో వేస్తే చుట్టూ పసుపు చెరువు కడుతుంది. కాబట్టి వార్చాక అదే గిన్నెలో మళ్లీ సన్న సెగ మీద పెట్టండి. గిన్నె పట్టుకుని అటూ ఇటూ కుదపండి. మొదట బుస్సుమంటుంది. ఆవిరి లేస్తుంది. బుస తగ్గి గిన్నె నోరు మూసుకున్నాక, అప్పుడు వెన్న, మిరియాల పొడి, జాజికాయ చిటికెడు వేసి మెదపండి. గుర్తుంచుకోండి, ముందు ఆరాలి, తర్వాత మెదపాలి.

మన ఊళ్లలో ఈ పసుపు దుంప దొరకదు. హైదరాబాదు మార్కెట్లో షల్గం దొరుకుతుంది, తెల్లగా ఉంటుంది. అది మరీ నీళ్లగా ఉంటుంది గనక నేనైతే సగం షల్గం, సగం క్యారెట్ వేస్తాను. రంగూ వస్తుంది, తీపీ వస్తుంది.

టాటీస్ గురించి మీకు చెప్పేదేముంది! బంగాళాదుంపలు ఉడికించి, వేడిమీదే, వెన్నా వేడిపాలూ పోసి మెదపడం. వేడిమీదే అన్నది మాత్రం మరచిపోవద్దు. అక్కడివాళ్లు వాడే జల్లెడకన్నుల మెదుపుడు గరిట నా దగ్గర ఉండేది కాదు. మా అమ్మ ఇచ్చిన పప్పుగుత్తితో కొట్టేదాన్ని. ఎదురింటావిడ ఆ పప్పుగుత్తిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, 'ఇది మా గరిట కంటే బాగుంది' అని ఒప్పుకుంది. ఉత్తరాన ఆర్క్నీ దీవులవాళ్లు నీప్స్, టాటీస్ రెండూ కలిపే మెదిపేస్తారు. నాకు మాత్రం పళ్లెంలో పసుపు ఒక పక్క, తెలుపు ఒక పక్క, నడుమ గోధుమరంగు హ్యాగిస్ ఉంటేనే కంటికి ఇంపు.

భోజనానికి ముందు సూపు ఉంటుంది. కోడి, లీక్స్ అనే లావుపాటి ఉల్లికాడలు వేసి మరిగించి, చివర్లో ఎండు ప్లమ్ పండ్లు వేస్తారు. కాక్-అ-లీకీ అంటారు. కోడి పులుసులో తియ్యటి పండు ఏమిటి అనిపిస్తుంది, కానీ బెల్లం వేసిన పులుసు తినే మనకు అది వింత కాకూడదు.

మాంసం తినని శ్రోతలు ఇంకా రేడియో దగ్గరే ఉన్నారనుకుంటాను. మీకూ హ్యాగిస్ ఉంది. ఎడిన్‌బరాలో మాక్‌స్వీన్ అనే హ్యాగిస్ తయారీదారులు 1984లో శాకాహార హ్యాగిస్ తెచ్చారు. ఇప్పుడు అది అక్కడ మామూలు సరుకు. ఇంట్లో చేయాలంటే, ఉడికించిన ఎర్ర మసూరుపప్పు, రాజ్మా కాస్త నలిపినది, సన్నగా తరిగిన పుట్టగొడుగులు, క్యారెట్, ఉల్లిపాయ, వేయించిన ఓట్స్ నూక. మిరియాలు మాత్రం ధారాళంగా. వెన్న రాసిన గిన్నెలో అదిమి, ఇడ్లీపాత్రలో ఆవిరి మీద ఉడికించి, పళ్లెంలో బోర్లించడమే. చిట్లే భయం కూడా లేదు. అన్నట్టు, అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక సంగతి. అక్కడ ఊపిరితిత్తులను ఆహారంగా వాడడం 1971లోనే నిషేధించారు. అందుకే అక్కడి స్కాట్లు అవి లేకుండానే చేసుకుంటారు.

ఇక రెండో ఏడాది మా ఇంట్లో జరిగిన విందు.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. కిటికీ అద్దాల మీద సన్నటి వాన. ఎదురింటావిడ పట్టుచీర లాంటి పచ్చగళ్ల శాలువా కప్పుకుని వచ్చింది. మావారు పంచె కట్టారు. ఆవిడ ఎగాదిగా చూసి, 'మీ కిల్టు మా కిల్టు కంటే పొడవు' అంది.

ముందు అందరూ నిలబడి రెండు ముక్కల ప్రార్థన. తిండి ఉండీ తినలేనివాళ్లున్నారు, తినగలిగీ తిండి లేనివాళ్లున్నారు, మాకు రెండూ ఉన్నాయి, కృతజ్ఞతలు. తాత్పర్యం ఇంతే. తర్వాత సూపు. ఆ తర్వాత అసలు ఘట్టం. పెద్ద విందుల్లో అయితే బ్యాగ్‌పైప్ ఊదేవాడు ముందు నడుస్తాడు. వెనక వంటవాడు పళ్లెంలో హ్యాగిస్ ఎత్తి పట్టుకుని వస్తాడు. దొరలైనా, మంత్రులైనా, అందరూ లేచి నిలబడాలి. ఒక కూర పళ్లేనికి! పెళ్లికొడుకు విడిదిలోంచి బయల్దేరితే మేళం ముందు నడిచినట్టే. మా ఇంట్లో బ్యాగ్‌పైప్ ఏది? మా అబ్బాయి ఫోన్‌లో పాట పెట్టి, చెయ్యెత్తి పట్టుకుని ముందు నడిచాడు. నేను పళ్లెంతో వెనక. ఎదురింటావిడ, మావారు లేచి నిలబడి లయగా చప్పట్లు. వంటింటికీ బల్లకీ మధ్య ఆరడుగులు. ఆ ఆరడుగులూ నా కాళ్లు వణికాయంటే నమ్మండి.

పద్యం ఆవిడే చదివింది. పుస్తకం లేదు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నది. నెమ్మదిగా మొదలుపెట్టి, కొసరి కొసరి పొగిడి, ఒక చోట గొంతు పెంచి, కత్తి తీసి సర్రున కోసింది. బిగుతుగా ఉన్న తోలు రెండుగా విచ్చుకుంది. ఒక్కసారి ఆవిరి గుప్పుమంది. మిరియాల వాసన, వేయించిన నూక వాసన, కార్జం వాసన. ఆవిడ కళ్లద్దాలు మసకబారిపోయాయి. అద్దాలు తుడుచుకోకుండానే చివరి చరణం దాకా చదివేసింది. చిన్న జాగ్రత్త, పిల్లలున్న ఇంట్లో బల్ల దగ్గరికి తెచ్చేముందే తోలు మీద చిన్న గాటు పెట్టండి. లోపలి వేడి ఎగజిమ్మకుండా ఉంటుంది.

రుచి ఎలా ఉంటుందంటారా? కీమాకీ, మిరియాల పొంగలికీ బిడ్డ పుడితే అలా ఉంటుంది. నూక గింజలు పంటికి చిన్నగా తగులుతాయి. పక్కన నీప్స్ తీపి, టాటీస్ చప్పదనం. మూడూ కలిపి ఒకే ముద్దలో తినాలి. విడివిడిగా తింటే ఒక్కటీ గొప్పగా ఉండదు.

చివర్లో తీపి, క్రానహన్. గిలక్కొట్టిన క్రీము, తేనె, వేయించిన ఓట్స్, రాస్ప్‌బెర్రీ పండ్లు, ఒక చెంచాడు విస్కీ. విస్కీ వద్దనుకుంటే వద్దు, రుచికి లోటు రాదు. ఓట్స్ మాత్రం వడ్డించే ముందే కలపాలి, కరకరమనాలి. రాస్ప్‌బెర్రీ మనకు దొరకడం కష్టం. కానీ ఈ నెలల్లో లంబసింగి స్ట్రాబెర్రీలు వస్తాయిగా. పుల్లగా ఉన్నవే ఏరుకోండి.

నా వంట మీద నాకు నమ్మకం లేక, ముందుజాగ్రత్తగా ఆ రోజు బల్ల చివర ఒక చిన్న గిన్నెలో ఆవకాయ పెట్టాను. గ్లాస్గోలో మనవాళ్ల హోటళ్లలో హ్యాగిస్ పకోడీలు వేస్తారు, ఎర్ర చట్నీతో తింటారు. కాబట్టి అదేమీ మహాపరాధం కాదని నా ధైర్యం. ఆవిడ చూసింది. ఏమిటని అడిగింది. ఫోర్కు కొసతో ఇంత నూనె అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది. మొహం ఎర్రబడింది. రెండు గుక్కల నీళ్లు తాగింది. ఏమీ అనలేదు. పాటలయ్యాయి, అందరం చేతులు పట్టుకుని వీడ్కోలు పాట పాడాం, ఆవిడ వెళ్లిపోయింది.

మిగిలిన హ్యాగిస్‌ను మర్నాడు పొద్దున పెనం మీద బిళ్లలుగా వేయించి, గుడ్డు అట్టుతో తింటారు. నేను బిళ్లలు తిరగేస్తున్నాను. తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురింటావిడ. రాత్రి నేను కట్టిచ్చిన హ్యాగిస్ ముక్క ఒక చేతిలో, ఖాళీ గిన్నె ఇంకో చేతిలో.

'ఆ ఎర్రది ఇంకా ఉందా, హెన్?' అంది.